కప్పు ఫొటో సరే, మధ్యలో జరిగింది కూడా రాయండి

డ్రగ్స్ పరీక్షలో దొరికిన రేసర్ మళ్లీ గెలిస్తే చాలు, కప్పు ఎత్తిన ఫొటో పెట్టి ‘పడి లేచిన కెరటం’ అని రాసేస్తారు. ఎందుకు పడ్డాడో, లేవడానికి ఏం చేశాడో ఒక్క ముక్క ఉండదు. పైగా అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. ఒళ్లు మండేది అక్కడే.

ఏజే ఆల్‌మెండింగర్‌నే తీసుకోండి. 2012లో నాస్కార్‌లో, అంటే అమెరికాలో పేరున్న కారు రేసుల్లో, పెన్స్కే జట్టు 22వ నంబరు కారు ఆయనది. అలాంటి సీటు కోసం ఎంతమంది కాచుకుని కూర్చుంటారో ఆ ఆట చూసేవాళ్లకు తెలుసు. జూన్ 29న కెంటకీలో మూత్ర పరీక్ష చేశారు. జూలై 7న డేటోనా రేసు ఇంకొన్ని గంటలుందనగా సస్పెన్షన్. బయటపడింది యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు. అలసటగా ఉంటే తెలిసినవాళ్లు ఇచ్చిన మాత్ర వేసుకున్నానని, అది యాంఫెటమిన్ ఉన్న యాడరాల్ అని తర్వాత తెలిసిందని ఆయన చెప్పుకున్నాడు. ఆగస్టు 1న పెన్స్కే తీసేసింది.

ఒక్క మాత్రకే దొరుకుతారా అంటే, దొరుకుతారు. ఒంట్లోకి వెళ్లిన యాంఫెటమిన్‌లో సగం పోవడానికే దాదాపు 10 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మూత్రంలో రెండు మూడు రోజులు కనబడుతుంది. నమూనాను ఎ, బి అని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. ఎ సీసా మీద ముందు చేసేది చవకైన స్క్రీనింగ్. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రకు కూడా అది పొరబడవచ్చు. అందుకే పాజిటివ్ వస్తే మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే అణువుల బరువును బట్టి రసాయనాన్ని గుర్తుపట్టే పరీక్షతో, మళ్లీ చూస్తారు. ఏ రసాయనమో అక్కడ తేలిపోతుంది, జలుబు మాత్ర సాకు చెల్లదు. బి సీసా తెరిపించాలంటే 72 గంటల్లోపు అడగాలి. ‘బి శాంపిల్‌తో బయటపడతాడులే’ అనే అభిమానులు ఒకటి మరిచిపోతారు: రెండో సీసాలో ఉన్నదీ అదే మూత్రం. లేబుళ్లు తారుమారైతేనో, ల్యాబ్‌లో పొరపాటు జరిగితేనో తప్ప ఫలితం మారదు. ఆల్‌మెండింగర్ బి శాంపిల్ కూడా జూలై 24న పాజిటివే.

‘చురుకు పెంచే మందే కదా, నష్టమేంటి’ అనేవాళ్లకూ కొదవ లేదు. నాస్కార్‌లో నడిపే స్టాక్ కారు (మామూలు కారు ఆకారంలో ఉండే రేసు కారు) లోపల వేడి 50 డిగ్రీల దాకా పోతుంది, రేసు మూడు గంటలు దాటుతుంది. యాంఫెటమిన్ గుండె వేగం పెంచుతుంది, ఒంట్లో వేడి పుట్టిస్తుంది, చర్మం దగ్గరి రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి ఆ వేడి బయటికి పోదు. అన్నిటికంటే ప్రమాదం, అలసట తెలియనివ్వదు. వడదెబ్బ మొదలైందని ఒళ్లు చెబుతున్నా డ్రైవర్‌కు వినబడదు. పక్కనే మరో ముప్పైకి పైగా కార్లు.

ఇక తిరిగి రావడం. నాస్కార్‌లో దాని పేరు రోడ్ టు రికవరీ. నిపుణుడు మనిషిని పరిశీలించి ఏం చేయాలో చెబుతాడు, అది పూర్తి చేయాలి, మళ్లీ పరీక్షలు నెగెటివ్ రావాలి. ఆల్‌మెండింగర్ గొడవకు దిగకుండా ఆ దారి పట్టాడు. సెప్టెంబరు 18న నాస్కార్ తిరిగి అనుమతించింది, అంటే 73 రోజులకు. 2009లో మెథాంఫెటమిన్ కేసులో సస్పెండైన మరో నాస్కార్ డ్రైవర్ జెరెమీ మేఫీల్డ్ తాను వాడలేదంటూ కోర్టుకెక్కాడు. జూలై 1న సస్పెన్షన్ మీద స్టే వచ్చింది, అదే నెలలో పైకోర్టు ఆ స్టేను ఆపేసింది. మళ్లీ కప్ రేసు (నాస్కార్ అగ్రశ్రేణి పోటీ) నడపలేదు. కోర్టుకెళ్లడం తప్పనను, అది ఆయన హక్కు. కానీ వాయిదాల కోసం సీజన్ ఆగదు, స్పాన్సర్ అసలే ఆగడు.

లైసెన్స్ వచ్చినంత మాత్రాన కారు రాదు. ఈ కథలో అసలు మలుపు, తీసేసిన పెన్స్కేనే 2013లో పిలిచి ఇండికార్ (చక్రాలు బయటికి కనబడే కార్ల అమెరికా సిరీస్) సీటు ఇవ్వడం. ఆ సిరీస్‌లో అతిపెద్ద రేసు ఇండీ 500లో 23 ల్యాప్‌లు ముందున్నాడు, సీటు బెల్టు ఊడిపోయి పిట్‌కు రావాల్సి వచ్చింది, అయినా 7వ స్థానం. అదే ఏడాది రోడ్ అమెరికా, మిడ్-ఒహాయోల్లో నాస్కార్ రెండో శ్రేణి సిరీస్ గెలుపులు. 2014 ఆగస్టు 10న వాట్కిన్స్ గ్లెన్‌లో మార్కస్ ఆంబ్రోస్‌తో చివరిదాకా ఢీ అంటే ఢీ అని మొదటి కప్ విజయం, అదీ జేటీజీ డాహర్టీ అనే ఒంటి కారు జట్టుకు.

గొప్ప గెలుపే. కానీ దీన్ని ‘వ్యసనాన్ని జయించిన కథ’ అనకండి. వ్యసనమంటే నాస్కార్ డ్రైవర్ ఆరన్ ఫైక్‌ది. 2007లో హెరాయిన్‌తో పట్టుబడ్డాడు, రేసు రోజున కూడా వాడానని 2008లో ఒప్పుకున్నాడు. అప్పటిదాకా అనుమానం వస్తేనే పరీక్ష అన్న నాస్కార్, 2009 నుంచి ఎవరినైనా ఎప్పుడైనా పరీక్షించడం మొదలుపెట్టింది.

అలాంటివాళ్లకు దారి ఇంకా ఇరుకు. హెరాయిన్ వ్యసనానికి బాగా పనిచేసే మందులు మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్. ఫార్ములా వన్ సహా ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) పోటీలు పాటించే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) జాబితాలో, పోటీ సమయంలో ఆ రెండూ నిషిద్ధమే. ముందే వైద్య మినహాయింపు తెచ్చుకోకపోతే, చికిత్స తీసుకుంటున్నవాడు కూడా డోపింగ్ కేసులో ఇరుక్కుంటాడు. హెరాయిన్ పనిచేయకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మందు మీద నిషేధం లేదు. కానీ ఒంట్లో ఓపియాయిడ్ (హెరాయిన్ జాతి మందు) ఉండగా వేస్తే విత్‌డ్రాయల్, అంటే మందు ఆగినప్పుడు ఒళ్లు పడే యాతన, విరుచుకుపడుతుంది, అందుకే వారం పది రోజులు పూర్తిగా మానేశాకే మొదలుపెడతారు. మళ్లీ జారిపడేది ఎక్కువగా ఆ వారంలోనే. ఆ వారం రోజులూ డ్రైవర్‌ను సీటు పోతుందన్న భయంతో ఒంటరిగా వదిలేయకుండా, ఒప్పందంలోనే చికిత్స సెలవు రాసిపెట్టడం జట్ల చేతిలో పని.