పదిమంది పెత్తనం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదిమంది పెత్తనం గారి సముఖమునకు, విజయవాడ పటమట నుంచి వ్రాసుకొంటున్న విన్నపము.

తమరు క్షేమమని తలుస్తాను. తలవడమేమిటి, ఆదివారం తెల్లవారితే యనమలకుదురు దగ్గర కృష్ణ ఇసుక తిన్నెల మీద కళ్లారా చూస్తూనే ఉన్నాను. మా తోడల్లుడు గారు ముచ్చటపడి తెచ్చుకున్న జూలీ అనే, పిట్టల వేటకు వాడే పాయింటర్ జాతి జాగిలానికి శిక్షణ ఇవ్వడానికి మేము బంధుమిత్ర సమేతంగా బయలుదేరినప్పుడల్లా, కారులో చోటు లేకపోయినా తమరు ఎలాగో సర్దుకుని వచ్చేస్తున్నారు. కుక్క ఒకటే, దాని మెడకు కట్టిన పొడవాటి తాడు ఒకటే, ఆ తాడు పట్టుకున్న చెయ్యి కూడా ఒకటే. ఆజ్ఞలు మాత్రం ఎన్ని వైపుల నుంచి వస్తున్నాయో లెక్క కట్టడం ఆ మూగజీవి వల్ల కాక, అది మధ్యమధ్యలో కూర్చుని చెవి గోక్కుంటోంది.

మేము అక్కడ చేస్తున్నది వేట కాదని ముందే మనవి చేసుకోవాలి, ఎందుకంటే "నిజం పిట్ట లేకుండా పిట్టల కుక్కకు శిక్షణేమిటండీ" అని అడిగేవారు తమ పరివారంలోనే ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వల పన్నడం, తరమడం కూడా వేట కిందికే వస్తాయి. కనుక మా పిట్ట ఒక గుడ్డ మూట. దానికి కోళ్ల దుకాణంలో అడిగి తెచ్చిన నాటుకోడి రెక్క ఒకటి కట్టి, రెల్లు దుబ్బులో దాచిపెడతాము. తుపాకులకు బదులు చేతికర్రలు ఉంటాయి. ఏటి ఒడ్డున వాలే నిజమైన పిట్టల జోలికి పోకుండా జూలీ తాడుతోనే తిరుగుతుంది. తాడు ఉండవలసింది ఎవరికన్న విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది గాని, దానికి ఇంకా వేళ రాలేదు.

ఈ హంగామా అంతటికీ కారణం, మా తోడల్లుడు గారు ఒక చలికాలం అమెరికాలో కుమారుడి దగ్గర ఉన్నప్పుడు, కాన్సాస్ రాష్ట్రపు కోసిన పొలాల్లో కొందరు లైసెన్సుదారులు ఫెజంట్ అనే కోడిజాతి పక్షులను వేటాడటం చూసి రావడమే. ఆయనను ఆకట్టుకున్నది తుపాకుల మోత కాదట. అంతమంది మనుషులు ఒక్క కుక్క వెనుక నోరు మెదపకుండా నడవడమట. బెజవాడలో పుట్టి పెరిగిన మనిషికి అది వింతగా తోచడంలో వింత ఏమీ లేదు.

పిట్టల వేటకు వాడే జాగిలాలన్నీ ఒకే పని చేయవని తమరికి తెలియనిది కాదు, అయినా చెప్పుకొంటాను. స్పానియల్ పొదలో దూరి పిట్టను లేపుతుంది. లాబ్రడార్ వంటి రిట్రీవర్ నేలకూలిన పిట్టను పళ్లు దిగకుండా నోట కరచి తెచ్చి యజమాని చేతికిస్తుంది. పాయింటర్, సెట్టర్ జాతులు పిట్ట నక్కిన చోటును వాసనతో పసిగట్టి, దాని మీదికి దూకకుండా, ఉన్నచోటనే బిగుసుకుపోయి నిలబడతాయి. తుపాకులతో వేట అలవాటు కాని రోజుల్లో సెట్టర్ల పూర్వీకులు అలా వాసన తగిలిన చోట నేలకు కరుచుకుపోతే, వేటగాళ్లు వెనుక నుంచి వచ్చి పిట్టల మీద వల కప్పేవారు. పట్టుకోవాలన్న కోరిక నిలువెల్లా ఉండి కూడా పట్టుకోకుండా ఆగడమే ఈ జాగిలానికి నేర్పే విద్య. ఈ ఒక్క విద్యలోనే తమ పరివారానికి మొదటి నుంచీ ప్రవేశం లేదు.

మొన్నటి ఆదివారం సంగతే చిత్తగించండి. గాలి నది మీది నుంచి వస్తోంది. వాసన ఎదురు రావాలి గనుక మా తోడల్లుడు గారు జూలీని గాలికి ఎదురుగా వదిలారు. అది తాడు పొడవున అటూ ఇటూ అడ్డంగా తిరుగుతూ ముందుకు పోతోంది. ఉన్నట్టుండి తల ఒక పక్కకు తిప్పి ఆగిపోయింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, తోక వెన్నుకు సమంగా తిన్నగా సాగింది, ఎడమ ముంగాలు మడిచి పైకి లేచి అక్కడే నిలిచింది, వెనుక తొడల్లో సన్నటి వణుకు కనిపిస్తోంది. మూట దాచిన దుబ్బు దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. నెలల తరబడి ఆయన ఎదురుచూసిన నిలుపు అది. అప్పుడు తమరు మా బాబాయి గారిని ఆవహించి, "చూశారా, షేక్ హ్యాండ్ ఇస్తోంది!" అనిపించి, ముందుకు నడిపించి, ఆ లేచిన కాలును పట్టుకుని ఊపించారు.

అంతటితో పోనిచ్చారా? మా బావమరిది "పట్టుకోవే!" అన్నాడు. మేనల్లుడు "సిట్, సిట్, సిట్" అని మూడుసార్లు అన్నాడు. పొరుగింటి మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, "జూలీ, ఇటు రావే బంగారం" అని చేతులు చాచారు. తాడు పట్టుకున్న మా తోడల్లుడు గారు "ఆగు" అన్నారు గాని, ఆ మాట ఆయనకే వినిపించలేదు. అందరినీ గౌరవించే స్వభావం గల జూలీ కాలు విడిపించుకుంది, కూర్చుంది, లేచింది, మాస్టారి వైపు రెండడుగులు వేసింది, చివరికి వెల్లకిలా పడి పొట్ట చూపించింది. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఏనాడో అన్నారు. గుడ్డ మూటకు సైతం అదే అభయం దొరుకుతుందని మా ఇసుకలో రుజువైంది.

ఇందులో నష్టమేమిటని తమరు అడగవచ్చు. నిలుపులో ఉన్న కుక్కకు వెనుక నుంచి కేక వినపడితే, అది ఆ కేకను వాసనతో ముడిపెట్టుకుంటుంది. కొన్నింటికి వాసన తగలగానే భయం పట్టుకుంటుంది, కొన్నింటికి దూకడమే పని అని అర్థమవుతుంది. ఒకసారి దూకి రెక్క నోటికి దొరికిందంటే, ఆ రుచిని మరిపించడానికి శిక్షకుడు మళ్లీ మొదటి పాఠం నుంచి రావలసిందే. మూడుసార్లు చెప్పిన "సిట్" వల్ల మరో ఉపకారం జరుగుతుంది: మొదటి రెండూ ఉత్తుత్తివని, మూడోది వచ్చేదాకా నిలబడవచ్చని కుక్క నేర్చుకుంటుంది. మన ఇళ్లలో పిల్లలను బడికి లేపే పద్ధతి ఇదే గనుక, దీన్ని ఎవరూ దోషంగా పరిగణించకపోవడం సహజమే.

కాన్సాసులో చూసిన మర్యాదలను మా తోడల్లుడు గారు కాగితం మీద రాసి మాకు చదివి వినిపించారు. ఎవరి కుక్కను వారే పిలవాలి, పక్కవాడు దాని పేరు కూడా ఎత్తకూడదు. తుపాకులు పట్టినవారందరూ ఒకే వరుసలో, ఒకరికొకరు కనపడేలా, నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని నడవాలి. ముందుకు పొడుచుకు రాకూడదు, వెనుకబడకూడదు. కుక్క నిలిచిందని దాన్ని నడిపించేవాడు చెప్పగానే మిగతావారు ఉన్నచోట ఆగాలి, అతడు చెప్పినవారే ఇరుపక్కల నుంచి దగ్గరకు రావాలి. పిట్ట తక్కువ ఎత్తులో లేస్తే, దాని వెనుక కుక్క ఉంటుంది గనుక, తుపాకీ ఎత్తనే కూడదు. కాల్చిన తరువాత తెమ్మని కుక్కను పంపేది కూడా అతడొక్కడే. రెండు కుక్కలు ఉన్నప్పుడు మొదటిది నిలిస్తే, రెండోదానికి ఏ వాసనా తగలకపోయినా, మొదటిదాన్ని చూసి ఉన్నచోటనే నిలిచిపోతుంది. సాటి కుక్క పనికి అడ్డుపడకుండా గౌరవించే ఈ గుణాన్ని మేలుజాతి లక్షణంగా ఎంచుతారు. ఈ వాక్యం చదివినప్పుడు మా బాబాయి గారు మధ్యలో అందుకుని, అసలు కుక్కలను ఎలా పెంచాలో చెప్పడం మొదలుపెట్టారు.

తమ ఏలుబడి కృష్ణకు ఈవలనే ఆగిపోయిందని నేను అనుకోవడం లేదు. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో పాయింటర్లకు, సెట్టర్లకు మాత్రమే జరిపిన తొలి కుక్కల ప్రదర్శనలో, పాయింటర్ల న్యాయనిర్ణేత గారి కుక్క సెట్టర్లలోనూ, సెట్టర్ల న్యాయనిర్ణేత గారి కుక్క పాయింటర్లలోనూ బహుమతి గెలిచాయంటే, ఆ సభకు అధ్యక్షత ఎవరు వహించి ఉంటారో ఊహించగలను. ఇక 2006 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఒక పెద్ద క్షేత్రంలో కౌజు పిట్టల వేటకు వెళ్లిన బృందంలో, అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ గారు లేచిన పిట్టను అనుసరించి తుపాకీ తిప్పి, తాను కొట్టిన పిట్టను వెదుక్కుని వెనుక నుంచి వస్తున్న డెబ్బై ఎనిమిదేళ్ల న్యాయవాది హ్యారీ విటింగ్టన్ గారి ముఖం మీద, మెడ మీద, ఛాతీ మీద రవ్వలు దిగేలా కాల్చారు. ఒక రవ్వ గుండె దాకా పోయి, ఆయనకు చిన్నపాటి గుండెపోటు తెచ్చింది. వరుసలో ఎవరు ఎక్కడ ఉన్నారో అందరికీ అనుక్షణం తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. ఆసుపత్రి నుంచి బయటికి వస్తూ విటింగ్టన్ గారు, తన వల్ల ఉపాధ్యక్షుల వారి కుటుంబం పడిన ఇబ్బందికి విచారం ప్రకటించారు. తూటా తిన్నవాడే నొచ్చుకోవడం తమ దర్బారులో మాత్రమే సాధ్యమయ్యే మర్యాద.

కేకలు మానడానికి ఈల మేలని ఎవరో సలహా ఇస్తే, మా తోడల్లుడు గారు మనిషి చెవికి అందని ధ్వని చేసే సన్నటి ఈల ఒకటి తెప్పించారు. 1876లో ఫ్రాన్సిస్ గాల్టన్ కనిపెట్టిన రకం అది. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్‌జుల దగ్గర చేతులెత్తేస్తే, కుక్క చెవి నలభై వేలు దాటినా వింటుంది. ఒక ఈల, ఒక నోరు, ఒక కుక్క అనుకున్నాము. పై వారానికి అందరి మెడల్లోనూ అటువంటి ఈలలే వేలాడుతున్నాయి. మునుపు కేకలు వేసినప్పుడు ఎవరు ఏమన్నారో కనీసం తెలిసేది. ఇప్పుడు తిన్నె మీద చెవులు చిల్లులు పడే ప్రశాంతత ఉంది, ఈల మోత జూలీకి తప్ప మరొకరికి వినపడదు, ఎవరి ఈల మోగుతోందో దానికీ తెలియదని దాని ముఖం చూస్తే తెలిసిపోతోంది. ప్రతివారూ తమ ఈల మాటే అది వింటోందని నమ్ముతున్నారు.

తినిపించే సేవ గురించి ఎక్కువ చెప్పను. శిక్షణలో ఉన్న కుక్కకు బహుమతి దాన్ని నడిపించేవాడి చేతి నుంచే, పని పూర్తయిన క్షణంలోనే అందాలి. పని చెడగొట్టినప్పుడు ఓదార్పుగా పొట్లంలోంచి పునుగు తీసి పెడితే, చెడగొట్టడమే పని అవుతుంది. పైగా కొందరు ఆ పిండిలో ఉల్లిపాయ కలుపుతారు, ఉల్లి కుక్కలకు విషం. ఈ ఒక్క విషయంలో మాత్రం తమతో హాస్యానికి నేను సిద్ధంగా లేను.

తమను బొత్తిగా రావద్దని అనే సాహసం నాకు లేదు. వచ్చినవారికి పనులు ఉన్నాయి. పిడికెడు ఇసుక జారవిడిచి గాలి ఎటు వీస్తోందో చూసి చెప్పవచ్చు. జూలీకి తెలియకుండా ముందే వెళ్లి మూట దాచిరావచ్చు. వరుసలో నిలబడి, కర్ర కొన ఆకాశం వైపు పెట్టి, పక్కవాడితో సమంగా నడవవచ్చు. ఇది వినడానికి తేలికగా ఉంటుంది గాని, మా బావమరిదికి ఇంతవరకు సాధ్యపడలేదు. అభిప్రాయాలన్నీ తిరుగు ప్రయాణంలో, కారు అద్దాలు ఎత్తించి, బెంజి సర్కిల్ దాకా నిరాటంకంగా చెప్పుకోవచ్చు.

ఇంత వివరంగా వ్రాయడానికి అసలు కారణం నిన్న జరిగింది. మూట దొరికిన తరువాత దాన్ని చేతికి తెచ్చి ఇవ్వడం నేర్పుతున్నాము. జూలీ మూటను కరచుకుని దుబ్బులోంచి బయటికి రాగానే, "ఇటు", "నాకివ్వు", "కమ్, కమ్", "ఇలా తేవే తల్లీ" అని నలువైపుల నుంచీ చేతులు చాచుకున్నాయి. అది మధ్యలో నిలబడి అందరి వంకా ఒకసారి చూసి, తాడును మా తోడల్లుడు గారి చేతిలోంచి లాక్కుని, ఏటి అంచున కూర్చుని వల బాగుచేసుకుంటున్న జాలరి దగ్గరకు నేరుగా నడిచి, ఆయన ఒడిలో మూటను మెల్లగా వదిలి, ఎదురుగా కూర్చుంది. ఆయన దాన్ని పిలవనూ లేదు, తల కూడా ఎత్తలేదు. చేపల వాసనకు పోయిందని తమ పరివారం ముక్తకంఠంతో తీర్మానించింది. ఆ జాలరి మూటను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కోడిరెక్క ఎవరిది బాబూ?" అని అడిగాడు. నాది అంటే నాది అని అందరూ ఒక్కసారే జవాబు చెప్పారు.

తమరు సెలవు పుచ్చుకునేదాకా జూలీ శిక్షణ ఆ జాలరి దగ్గర సాగించాలని మా తోడల్లుడు గారు నిశ్చయించుకున్నారు. జాలరి ఒప్పుకున్నాడు, కాకపోతే మేమెవరం వెంట రాకూడదట.

ఇట్లు,
తమ నిత్య బాధితులలో ఒకడు,
పటమట, విజయవాడ.