కోడళ్లను దెప్పడానికి హెలెన్ గ్లోవరే దొరికిందా?

బ్రిటన్ రోయింగ్ (తెడ్ల పడవ పందెం) క్రీడాకారిణి హెలెన్ గ్లోవర్ మీద తిరుగుతున్న ఆ ఫార్వర్డు సందేశం మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది వరసకు పెదనాన్న అయ్యే ఒకాయన. అంతకుముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో, దానికి ముందు కాలేజీ మిత్రుల గ్రూపులో చూశాను. చదవని అదృష్టవంతుల కోసం సారాంశం: ‘తెడ్డు ముఖం చూడని ఒక మామూలు అమ్మాయి 21 ఏళ్లకు పడవెక్కి, ఎవరి సాయమూ లేకుండా, ఒంటరిగా, నాలుగేళ్లలో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. కవలలు పుట్టిన ఆరు నెలలకే మళ్లీ పోటీకి దిగి మూడో స్వర్ణం తెచ్చింది. మన కోడళ్లేమో ఒక్క కాన్పుకే ఉద్యోగం మానేస్తారు. కనీసం ముగ్గురికి పంపండి.’

పతకాల లెక్క చిన్న పని. స్వర్ణాలు రెండే, 2012 లండన్‌లో ఒకటి, 2016 రియోలో ఒకటి. 2024 పారిస్‌లో వచ్చింది రజతం. అయిపోయింది.

‘ఒంటరిగా’ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ఆ రెండు స్వర్ణాలూ పెయిర్ విభాగంలోవి. పడవలో ఇద్దరు, మనిషికో తెడ్డు. ఇద్దరిలో ఒకరి ఊపు తగ్గినా పడవ పక్కకు లాగుతుంది. ఆ రెండో మనిషి హెదర్ స్టానింగ్, బ్రిటిష్ సైన్యంలో అధికారి. 2013లో ఆమె అఫ్గానిస్తాన్‌లో విధుల్లో ఉన్నప్పుడు గ్లోవర్ పాలీ స్వాన్ అనే మరో బ్రిటిష్ క్రీడాకారిణితో కలిసి ప్రపంచ చాంపియన్ అయింది. స్టానింగ్ తిరిగి వచ్చాక ఈ జంట 2014, 2015లలో ప్రపంచ టైటిళ్లు గెలిచి, రియోకు వెళ్లి అక్కడా గెలిచింది. ఇక పారిస్ పడవలో నలుగురు. ఇంతమందినీ ఒక్క మాటతో నీళ్లలోకి తోసేశారు.

‘మామూలు అమ్మాయి’ సంగతి. తెడ్డు పట్టడం 2008లోనే మొదలుపెట్టిందన్నది నిజం. కానీ అప్పటికే ఆమె జూనియర్ స్థాయిలో దేశం తరఫున క్రాస్ కంట్రీ పరుగు పోటీలకు వెళ్లింది, హాకీ ఆడింది, క్రీడా స్కాలర్‌షిప్‌తో స్కూల్లో చదివింది, డిగ్రీ కూడా క్రీడల్లోనే చేసింది. పడవెక్కించింది కూడా సంకల్ప బలం కాదు, 2007లో మొదలైన ‘స్పోర్టింగ్ జెయింట్స్’ అనే ప్రభుత్వ ప్రతిభాన్వేషణ. లండన్ ఒలింపిక్స్ కోసం పొడవాటి యువతను వెతికారు. ఆడపిల్లలకు కనీస ఎత్తు 180 సెంటీమీటర్లు. గ్లోవర్ ఆ గీతకు కాస్త తక్కువ. కొలిచేటప్పుడు మునివేళ్ల మీద నిలబడ్డానని ఆమే తర్వాత చెప్పుకుంది. వేలమంది దరఖాస్తు చేస్తే కొద్దిమందిని వడగట్టి శిక్షకుల చేతికి అప్పగించారు. లండన్‌కు ముందు నాలుగేళ్లలో రోయింగ్ ఒక్కదానికే బ్రిటన్ కేటాయించింది 2.7 కోట్ల పౌండ్లకు పైనే. ఎవరి సాయమూ లేదట!

ఇప్పుడు అసలు విషానికి వద్దాం.

కవలలు పుట్టింది 2020 జనవరిలో. ఆరు నెలలు కలపండి. జూలై. ఆ జూలైలో ఒలింపిక్స్ ఎక్కడ జరిగాయి? కరోనా వల్ల టోక్యో పోటీలు మరుసటి ఏడాదికి వాయిదా పడ్డాయని సందేశం రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. 2021 ఏప్రిల్‌లో స్వాన్‌తో కలిసి యూరోపియన్ స్వర్ణం గెలిచింది, టోక్యోలో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. పతకం చేతికొచ్చిన పారిస్ నాటికి పెద్ద కొడుక్కి ఆరేళ్లు, కవలలకు నాలుగు దాటాయి. నెదర్లాండ్స్ పడవ 0.18 సెకన్ల తేడాతో ముందు గీత దాటింది. ఈ కథలో నాకు నచ్చేవి టోక్యో నాలుగో స్థానం, ఈ 0.18 సెకన్లు. సందేశానికి అవి అక్కర్లేదు. ఓడిన ఆడదానితో ఇంకో ఆడదాన్ని కొట్టడం కుదరదు కదా.

పైగా ఎవరితో ఎవరిని పోలుస్తున్నారు? ఏళ్ల తరబడి సానపట్టిన శరీరం, థేమ్స్ ఒడ్డున ఇల్లు, పేరున్న టీవీ వ్యాఖ్యాత అయిన భర్త ఒక వైపు. రాత్రంతా బిడ్డను ఎత్తుకుని తిరిగి, పొద్దున్నే అందరికీ కాఫీలు కలిపి, కుట్లు మానకముందే ‘ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ పడక’ అనిపించుకునే అమ్మాయి ఇంకో వైపు. మన దేశంలో 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టమే చెప్పింది. ఈ సందేశాన్ని భక్తిగా పంచుతున్న పెద్దలు తమ ఆఫీసుల్లో అది ఎన్నో అంతస్తులో ఉందో చెబితే బాగుంటుంది. చెప్పలేకపోతే, మనవడు ఏడ్చినప్పుడు ఫోను పక్కన పెట్టి వాడిని ఎత్తుకున్నా చాలు. కోడలు ఒలింపిక్స్‌కు వెళ్లకపోయినా కనీసం తలస్నానం చేసి వస్తుంది.

అయితే ‘ఎవరి సాయమూ లేకుండా’ అన్న మాటలో ఒక చోట నిజముంది. 2020 లాక్‌డౌన్‌లో ఆమె మళ్లీ మొదలుపెట్టినప్పుడు జట్టులో చోటు లేదు, రమ్మన్నవారు లేరు. ఇంట్లో ఒక రోయింగ్ మెషీన్. కవలలు నిద్రపోయినంతసేపు కసరత్తు, లేచారంటే ఆపేయడం. తల్లి అయ్యాక బ్రిటన్ తరఫున ఒలింపిక్ రోయింగ్‌కు వెళ్లిన మొదటి మహిళ ఆమే. అంటే నేను పైన గొప్పగా చెప్పిన ఆ వ్యవస్థ, అన్ని కోట్ల పౌండ్లు పోసి కూడా, తల్లులు తిరిగి రావడానికి అంతవరకు ఒక్క దారీ వేయలేదు. ఆ ముక్క వరకు సందేశం నాకంటే నిజానికి దగ్గరగా ఉంది. కాకపోతే ఆమె ఆ మెషీన్ మీద కూర్చున్నది తనకు అనిపించి. అత్తగారు పంపిన ఫార్వర్డు చదివి కాదు.

ఇక సందేశంతో పాటు వచ్చిన ఫోటో. అందులో ఒక్క అమ్మాయి, రెండు చేతుల్లో రెండు తెడ్లు. గ్లోవర్ పతకాలు తెచ్చిన పడవల్లో మనిషికి తెడ్డు ఒక్కటే. ఆ ఫోటోలో ఉన్నది ఎవరో కనుక్కుని, ఆమె పేరు పెట్టి పంపండి.