మ్యాప్‌ని గోడ మీద నుంచి దించి కాలువ గట్టుకు తీసుకెళ్లండి

మా మేనల్లుడు నాలుగో తరగతి. ఇండియా మ్యాప్‌లో గోదావరి, కృష్ణా, కావేరి ఎక్కడున్నాయో టకటకా చూపిస్తాడు. వాళ్లది తాడేపల్లిగూడెం వైపు ఊరు, ఇంటి ముందే కాలువ. ఈ నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తున్నాయిరా అని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఉత్తరం నుంచి మావయ్యా, నీళ్లు పైనుంచే కదా వస్తాయి" అన్నాడు. ఆ కాలువ వాళ్ల ఊరికి తూర్పు నుంచి వస్తుంది. గోదావరి దగ్గర మొదలై నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వైపు, అంటే పడమరకు పారుతుంది.

తప్పు వాడిది కాదు. క్లాసులో మ్యాప్ గోడకు వేలాడుతుంది, ఉత్తరం పైన ఉంటుంది, నీళ్లు పైనుంచి కిందికి పారతాయని టీచర్ చెప్తారు, పిల్లాడు ఈ రెండు "పైన"లనీ కలిపేసుకుంటాడు. కోనసీమలో అయితే ఈ పొరపాటు ఎవరికీ దొరకదు కూడా, ఎందుకంటే ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠ రెండూ దక్షిణంగానో ఆగ్నేయంగానో సాగి సముద్రంలో కలుస్తాయి, కాబట్టి తప్పు లెక్కకి కూడా సరైన జవాబే వస్తుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది, ఐదో తరగతి లోపు పిల్లలకు మ్యాప్‌ని గోడ మీద చూపించొద్దు. నేల మీద పరవండి, మ్యాప్‌లో తూర్పుని నిజం తూర్పుకి తిప్పండి, పిల్లలు దాని చుట్టూ కూర్చోవాలి.

దిక్కులు మన పిల్లలకు కొత్తేమీ కాదు. వాస్తు మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, వంటిల్లు ఆగ్నేయంలో, దేవుడి గూడు ఈశాన్యంలో అనే మాట ప్రతి ఇంట్లో వినపడుతుంది. మొదటి మ్యాప్ ఇంటిదే అయితే సగం పని అయిపోయినట్టే.

డెల్టాలో ఎత్తుపల్లాలు ఎలా నేర్పుతాం, కొండలే లేవు కదా అని కొందరు టీచర్లు అంటుంటారు. నిజమే, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 పటాల్లో ఎత్తుని చూపించే గీతలు (కాంటూర్లు) 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి, కోనసీమ మీద అలాంటి గీత వెతికినా కనపడదు. కానీ ఏ రైతునైనా అడగండి, ఏ చేను మెరక, ఏది పల్లం, వానపడితే నీళ్లు ముందు ఎక్కడ నిలుస్తాయి అన్నీ చెప్తాడు. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, ఆ నీటి మీద ఆధారపడ్డ కాలువల వ్యవస్థ అంతా ఈ మెరక, పల్లం లెక్క మీదే నడుస్తోంది. పంట కాలువ మెరక మీదుగా పోతుంది, అప్పుడే తూము ఎత్తితే నీళ్లు వాటంతటవే చేలకు దిగుతాయి. మురుగు కాలువ పల్లంలో ఉంటుంది, చేలల్లో మిగిలిన నీళ్లు అందులోకి జారి సముద్రం వైపు పోతాయి. డెల్టాలో చాలా ఊళ్లకి ఈ రెండూ ఉన్నాయి. పిల్లల చేత ఊరి మ్యాప్‌లో పంట కాలువకి నీలం, మురుగు కాలువకి గోధుమ రంగు వేయించండి చాలు, ఊళ్లో ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ అన్నది ఒక్క కాంటూరు గీత లేకుండా వాళ్లకే తెలిసిపోతుంది.

పి.గన్నవరం అక్విడెక్టు దగ్గరకి ఒక్కసారి తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీదుగా వంతెనలా కట్టిన కాలువ. మ్యాప్‌లో రెండు నీలం గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి, మరి నీళ్లు ఎందుకు కలవలేదు అని ఒక్క పిల్లాడు అడిగినా ఆ రోజు పాఠం అయినట్టే.

వరద సంగతి వేరుగా చెప్పాలి. ఆగస్టు వస్తే గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల పిల్లలు టీవీలో "మొదటి ప్రమాద హెచ్చరిక" అన్న మాట వింటూనే ఉంటారు, భద్రాచలంలో అది 43 అడుగులకి, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి ఇస్తారు. అక్కడ 43, ఇక్కడ 11 ఏంటి, రెండు చోట్లా కొలత ఎక్కడి నుంచి మొదలుపెడతారు, అక్కడ పెరిగిన నీళ్లు మన రేవుకి రావడానికి ఎంత సేపు పడుతుంది? పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే 1986 వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తాతయ్యలని అడిగి, 2022 జూలై వరద గుర్తుని దాని పక్కన పెట్టి పిల్లలు మ్యాప్ గీస్తే, అది పరీక్షకి కాకుండా ఇంటికి పనికొచ్చే మ్యాప్ అవుతుంది. పంటు (ఏరు దాటించే పడవ) ఆగిపోతే ఏ దారి, ఏటిగట్టు ఎక్కడ బలహీనంగా ఉంది, పశువుల్ని ఎటు తోలాలి అన్నవి కూడా అందులోకి వస్తాయి. లంకల్లో ఇంకో సంగతి కూడా ఉంది, అక్కడ భూమి కోసుకుపోతూ ఉంటుంది, తాతయ్య చెప్పిన కొబ్బరి తోట ఇప్పుడు ఏటిలో ఉండొచ్చు. మ్యాప్ మీద తేదీ ఎందుకు వేయాలో పిల్లలకి ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు!

జిల్లాల విషయంలోనూ అంతే. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది, పాత మ్యాప్‌లో అది ఉండదు. పక్కనే యానాం, గోదావరి ఒడ్డునే ఉన్నా పుదుచ్చేరిలో భాగం. నది గీసిన హద్దు వేరు, ప్రభుత్వం గీసిన హద్దు వేరు.

ఒకరిద్దరు టీచర్లే ఉన్న బడిలో ఇదంతా ఎలా కుదురుతుంది, కాలువ గట్టు మీదకు చిన్నపిల్లల్ని తీసుకెళ్తే ఎంత టెన్షన్ అని అడిగితే ఆ భయం న్యాయమైనదే. కాలువలకి నీళ్లు ఆపేసే వేసవిలో, బడికి సెలవులిచ్చే ముందు, ఇద్దరు ముగ్గురు తల్లులని తోడు పిలిచి వెళ్లొచ్చు. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అనే వాళ్లకి మాత్రం ఒక మాట: ఫోన్ ఎటు తిరిగితే అటు తిరిగే మ్యాప్ చూసి పిల్లలు దారి తెలుసుకుంటారు గానీ దిక్కు నేర్చుకోరు.

జూన్‌లో బడులు తెరుస్తారు, దాదాపు అదే రోజుల్లో ధవళేశ్వరంలో కాలువలకి నీళ్లు వదులుతారు. ఆ మొదటి వారాల్లో ఒకే కాలువ మీద ఉన్న నాలుగైదు బడులు కలిసి, తమ ఊరి లాకు (కాలువ నీళ్లు ఆపి వదిలే తలుపులు) దగ్గరకి నీళ్లు ఏ తేదీన చేరాయో ఒకే మ్యాప్ మీద రాసుకోవచ్చు. కాలువ తల దగ్గర, అంటే మొదట్లో ఉన్న ఊళ్లో ముందే తేదీ పడుతుంది. కాలువ చివర ఉన్న శివారు ఊరి పిల్లలు తమ గడి ఖాళీగా పెట్టుకుని ఇంకా ఎన్నాళ్లని రోజూ వెళ్లి చూసొస్తారు, ఎందుకు రాలేదని ఇంట్లో నాన్నని అడుగుతారు.