కేస్ షీట్‌లో అందరి శ్వాసా ఇరవయ్యే

మా చిన్నాయన కాల్లో పత్తి మోడు దిగింది. షుగర్ ఉన్న మనిషి. ఊళ్లో ఆర్ఎంపీ సూదేసి కట్టు కట్టాడు, మూడో రోజుకు కాలు ఉబ్బితే హన్మకొండలో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. రాత్రంతా ఎగపోసుకుంటూనే ఉన్నాడు, ఊరి పేరు అడిగితే ఇంకేదో చెప్పాడు. తెల్లారి కేస్ షీట్ చూస్తే నిమిషానికి శ్వాస ఎంత అన్నచోట నాలుగుసార్లూ 20. పక్క బెడ్డాయనకూ 20. ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. చివరికి రెండు కాలివేళ్లు తీసేశాక బయటపడ్డాడనుకోండి.

చిన్నాయనకు వచ్చింది సెప్సిస్. దాన్ని రక్తంలో విషం చేరడం అనుకుంటారు చాలామంది. ఇన్‌ఫెక్షన్‌తో కొట్లాడబోయి ఒళ్లు తన అవయవాలనే దెబ్బతీసుకోవడం అది. 2017లో ప్రపంచంలో దాదాపు 1.1 కోట్ల మరణాలు దీనితో ముడిపడినవేనని 2020లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా. బీపీ పడిపోకముందే చాలాసార్లు శ్వాస వేగం పెరుగుతుంది, మాట తికమకపడుతుంది, మూత్రం తగ్గుతుంది. ముసలివాళ్లకైతే జ్వరమే రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడొచ్చు. ఇవన్నీ ముందుగా కంటబడేది సిస్టర్‌కే. రౌండ్స్‌కు వచ్చి వెళ్లే డాక్టర్‌కు కాదు.

మరి సిస్టర్లకు దీని మీద ట్రైనింగ్ ఎలా ఉంటోంది? సెప్టెంబర్ 13న సెప్సిస్ దినం పేరుతో హాల్లో పీపీటీ, ఒక గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. బెడ్ పక్కన నిలబెట్టి, వాచీ చూస్తూ నిండు నిమిషం ఛాతీ కదలికలు లెక్కపెట్టించండి ముందు. శ్వాస, నాడి, బీపీ లాంటివి చూసి ప్రమాదానికి మార్కులేసే పద్ధతి ఒకటి బ్రిటన్‌లో వాడతారు, న్యూస్ (NEWS) స్కోరు అంటారు. వేయడానికి ఎక్కువసేపు పట్టదు, 5 దాకా వచ్చిందంటే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, 7 అయితే ఎమర్జెన్సీ. బీపీ పడిపోయి షాక్‌లోకి జారిన పేషెంట్‌కు గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, దానికంటే ముందు కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు, రక్తం తీయాలి. రాత్రి పూట కల్చర్ బాటిళ్లు స్టోర్‌లో తాళం వేసి పెడితే సిస్టర్ ఎంత నేర్చుకుని ఏం లాభం?

ఇదంతా వరంగల్ పెద్దాసుపత్రి ఎంజీఎంలో నేర్పి ఊరుకుంటే సరిపోదు. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు రెండు గంటల పైనే ప్రయాణం, అంబులెన్స్ ఎక్కించే లోపే సెలైన్, యాంటీబయాటిక్ మొదటి డోసు మొదలవ్వాలి. అంటే ట్రైనింగ్ అక్కడి సిస్టర్లకే ముందు కావాలి.

ఆ రోజు పొద్దున డ్యూటీ దిగిపోతున్న సిస్టర్‌ను అడిగాను. కోపంగానే అడిగాను. ముప్ఫై మందికి ఆమె ఒక్కతే అని తర్వాత తెలిసింది. "అనుమానం వచ్చింది సార్, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే డాక్టర్ గారు తిడతారని ఆగాను" అంది. ఆ ట్రైనింగ్ హాల్లో డ్యూటీ డాక్టర్లను కూడా కూర్చోబెట్టమనేది అందుకే.