పేచీ ‘మాత్రమే’ అన్న మాటతోనే

క్రిస్మస్ దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఒక పాత మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. యేసు తనను ప్రవక్తగా మాత్రమే చెప్పుకున్నాడట. అసలు ‘ప్రవక్త’ అన్న మాటే క్రైస్తవులకు గిట్టదట. 325లో నైసియా అనే ఊళ్లో జరిగిన బిషప్పుల సభలో ఓట్లు వేసి ఆయన్ని దేవుణ్ణి చేశారట.

ముందు రెండో మాట చూద్దాం, అది తేలిగ్గా తేలిపోతుంది. ‘నావంటి ప్రవక్త’ వస్తాడని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18లో మోషే చెప్పాడు. ఆ వచ్చినవాడు యేసేనని యెరూషలేము దేవాలయంలో యేసు శిష్యుడు పేతురు జనం ముందు ప్రకటించాడు (అపొ. కార్య. 3). విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే 1563 నాటి ప్రొటెస్టెంట్ పుస్తకం హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి కూడా క్రీస్తును ప్రవక్త, యాజకుడు, రాజు అనే నేర్పుతుంది. గిట్టకపోతే పిల్లల చేత వల్లె వేయిస్తామా?

ఇక మొదటిది. సొంత ఊళ్లో ప్రవక్తకు గౌరవం ఉండదని యేసు తన గురించే అన్నాడు, నిజమే. కానీ ‘మాత్రమే’ అని మెసేజ్ రాసినవాళ్లు కలిపారు. మార్కు 12లో ద్రాక్షతోట కథ చూడండి. తోట యజమాని కౌలుదారుల దగ్గరికి ఒకరి తర్వాత ఒకరిగా పనివాళ్లను పంపుతాడు. కొందరిని కొడతారు, కొందరిని చంపుతారు. అతని దగ్గర ఇంకొక్కడే మిగిలాడు, ప్రియమైన కొడుకు. చివరికి అతన్ని పంపుతాడు. పనివాళ్లంటే ప్రవక్తలు. మరి కొడుకు ఎవరో వింటున్న ప్రధాన యాజకులకు బాగానే అర్థమైంది, పట్టుకోవాలని చూశారు!

మాట తీరులోనూ తేడా ఉంది. యెషయా, యిర్మీయా లాంటి ప్రవక్తలు ‘యెహోవా సెలవిచ్చునదేమనగా’ అంటారు. కొండమీది ప్రసంగంలో యేసు ‘నేను మీతో చెప్పునదేమనగా’ అంటాడు. ఉత్తరం తెచ్చేవాడు రావడం వేరు, రాసినవాడే గుమ్మంలోకి రావడం వేరు. దేవుడు ఒకప్పుడు ప్రవక్తల ద్వారా మాట్లాడి, ఈ చివరి రోజుల్లో కుమారుడి ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక మొదలయ్యేది అందుకే. యేసును మేము ఆఖరి ప్రవక్త అనడం తేదీల లెక్క చూసి కాదు. కొడుకునే పంపాక ఇంకెవరిని పంపుతారు?

నైసియా సంగతి. అక్కడ గొడవ యేసు మామూలు మనిషా కాదా అని కాదు. లోకం పుట్టకముందే కుమారుడు ఉన్నాడని, ఆయన తండ్రితో సమానుడు కాదని వాదించిన అరియస్ కూడా ఒప్పుకున్నాడు. ఆ కుమారుడు సృష్టి అయినవాడా, తండ్రితో సమానుడా అన్నదే తగువు. ఆరాధన అంతకు చాలా ముందునుంచే ఉంది. నైసియా ఉన్న బితూనియ ప్రాంతాన్నే పాలించిన రోమా అధికారి ప్లినీ, సుమారు 112లో, చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాటలు పాడుతున్నారని అందులో ఉంది. ప్లినీ క్రైస్తవుడు కూడా కాదు, వాళ్లను శిక్షిస్తున్న అధికారి.