తల్లిదండ్రులు కావలెను, ఈఎంఐ సౌకర్యం ఉంటే మేలు

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. ఆ లెక్కన మా బావమరిది మూడు నెలలుగా బెంగళూరు మారతహళ్లిలో కూర్చుని తల్లిదండ్రుల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నాడు. బేస్ గిటార్ కొన్నది జీతం పడిన రోజు సాయంత్రం, పది నిమిషాల్లో. శ్రుతి సరిచూసే ట్యూనర్, లయ కోసం టిక్ టిక్‌మనే మెట్రోనోమ్ మాత్రం అలా కొనేస్తారా? వాటికి ఎక్సెల్ షీట్ ఉంది. అందులో ధర, బ్యాటరీ, రంగు, రివ్యూల్లో ఎంతమంది తిట్టారు అన్నవన్నీ ఉన్నాయి. బేస్ వాయించడానికి మాత్రం కాలమ్ లేదు.

సెంట్ల మీద పెద్ద చర్చే నడిచింది. అరస్వరాన్ని, అంటే పక్కపక్క ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) మధ్య తేడాని, నూరు భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. మామూలు క్లిప్ ట్యూనర్ ఒక సెంటు తేడా చూపిస్తే చాలు. మావాడికి సెంటులో పదోవంతు చూపే స్ట్రోబ్ ట్యూనర్ కావాలట. ఫ్రెట్ మీద వేలు కాస్త గట్టిగా నొక్కితే స్వరం అంతకన్నా ఎక్కువ జరుగుతుందిరా అన్నాను. "అది యూజర్ ఎర్రర్ బావా" అన్నాడు.

ఈలోగా ఫోన్లో ఒక ట్యూనర్ యాప్ దించుకున్నాడు. ఆ ఆదివారం నేను బతికున్నంత కాలం మర్చిపోను. హాల్లో వీడు, వంటింట్లో మా అత్తగారి కందిపప్పు, పైన ఫ్యాను. వీడు ఇ తీగ, అంటే 'ఇ' అనే స్వరం పలకాల్సిన తీగ, మీటాడు. యాప్ ఆలోచించింది. మళ్లీ మీటాడు. 'బి' స్వరం అంది. మళ్లీ మీటితే ఏమీ అనలేదు. అప్పుడు కుక్కర్ మూడో విజిల్ వేసింది. సూది ఠక్కున నడిమధ్యకొచ్చి నిలబడి, తెర మొత్తం పచ్చగా వెలిగింది. "ఇన్ ట్యూన్!" అని వీడు గాల్లోకి ఎగిరాడు. ఆ రోజు ఇంట్లో శ్రుతిలో ఉన్నది పప్పు ఒక్కటే. ఇంకో రెండు విజిళ్లు రానివ్వమని వాళ్లమ్మను బతిమాలాడు కూడా. పప్పు గుజ్జయింది.

యాప్ బి అనడంలో వింతేం లేదు. బేస్ మీద ఇ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ మైకు మాటలు వినడానికి చేసినది, అంత లోతు దానికి సరిగా అందదు. అసలు స్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే అనుస్వరాలే వింటుంది. వాటిలో రెండోది బి. మామూలు గిటార్ కోసం చేసిన సరుకుకి కింద "బేస్‌కీ పనికొస్తుంది" అని ఒక ముక్క రాసి మన నెత్తిన రుద్దుతారు.

నవ్వడం ఇక్కడితో ఆపేస్తాను. ఎదురు ఫ్లాట్లో అనంతపురం కుర్రాడొకడు ఉండేవాడు. నాలుగు నెలలు రోజూ రాత్రి ఆ వణికే సూదితో కుస్తీ పట్టి, "నాకు చెవి లేదన్నా" అని సగం ధరకి బేస్ అమ్మేశాడు. ఒరే దుర్మార్గులారా, చెవి లేనిది మీ యాప్‌కిరా! పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటితే స్వరం ఒక స్థాయి పైకెళ్లి సెకనుకు 82 కంపనాల దగ్గర పలుకుతుంది, ఏ చెత్త ట్యూనరైనా కాస్త తేలిగ్గా పట్టుకుంటుంది. కేబుల్ పెట్టి పెడల్ ట్యూనర్‌కి కలిపితే కుక్కరూ ఫ్యానూ దానికి వినబడనే వినబడవు. ఈ రెండు ముక్కలు ఆ పిల్లాడికి ఒక్కడైనా చెప్పాడా? ప్రీమియం తీసుకోమని మాత్రం రోజుకి రెండుసార్లు నోటిఫికేషన్ పంపారు.

సరే, తండ్రిగారి సంగతి. మెట్రోనోమ్ పుట్టుకే గొడవ. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన 1814లో చేసిన యంత్రం చూసి, మెల్జెల్ అనే అతను దానికి అంకెల పట్టీ తగిలించి 1815లో పేటెంట్ పుచ్చుకున్నాడు. పేరు అతనికే మిగిలింది. ఇప్పుడు అదే టిక్ టిక్‌ని నెల నెలా చందాకి అమ్ముతున్నారు. చెక్క శబ్దం, గంట శబ్దం, మనిషి గొంతు, ఏది కావాలంటే అది. నిమిషానికి 40 దెబ్బల్లో పెట్టుకుని ఆ దెబ్బకీ ఈ దెబ్బకీ మధ్యనున్న ఖాళీలో నిలబడితే తెలుస్తుంది ఎవరి లయ ఎంతో. లేదా ప్రతి నాలుగింట్లో రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మాత్రమే మోగేలా పెట్టుకుని, మిగతావి తానే లెక్కపెట్టుకోవాలి. మావాడు 120లో పెట్టి, వదిలేసి, రివ్యూలు చదువుకుంటాడు.

మొన్న అత్తగారు నన్ను పిలిచి, "బాబూ, బాత్రూంలో కుళాయి కారుతున్నట్టుంది, రాత్రంతా ఒకటే చప్పుడు" అన్నారు. ప్లంబర్ వచ్చాడు. అన్నీ తిప్పి చూసి "లీకేజ్ ఇల్లా సార్" అని కన్నడంలో లేదనేశాడు. అయినా వచ్చాను కదా అని ఒక వాషర్ మార్చి మూడొందలు పట్టుకెళ్లాడు. పక్క గదిలో చప్పుడు ఆగలేదు.

అత్తగారు ఇప్పుడు మేడ మీద ట్యాంకు చూసి రమ్మంటున్నారు.