దేశాల పట్టిక బట్టీ పడితే మాట కలవదు

విశ్వవిద్యాలయాల్లో భిన్న సంస్కృతుల వారితో ఎలా మాట్లాడాలో నేర్పే కోర్సులు చాలావరకు ఒక పట్టికతో మొదలవుతాయి. ఫలానా దేశం వాళ్లు ముఖం మీదే చెప్పేస్తారు, ఫలానా వాళ్లు చుట్టూ తిప్పి చెబుతారు. వీళ్లకు గడియారం ముఖ్యం, వాళ్లకు పెద్దరికం ముఖ్యం. పరీక్షలో మార్కులు రావడానికి ఇది చాలు. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన ఐదుగురు ఒకే గ్రూప్ ప్రాజెక్టుకు కూర్చున్నప్పుడు మాత్రం పెద్దగా అక్కరకు రాదు.

పట్టికల పుట్టుక తెలిస్తే కారణం అర్థమవుతుంది. వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టీడ్ 1980లో ప్రకటించినది. 1967 నుంచి 1973 దాకా వివిధ దేశాల్లోని ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నావళులు దానికి ఆధారం. అంటే ఒకే కంపెనీ వాళ్ల జవాబుల నుంచి తీసిన దేశాల సగటులన్నమాట, అవీ అర్ధ శతాబ్దం నాటివి. దేశం సగటును ఎదురుగా కూర్చున్న మనిషికి అంటగట్టకూడదని హాఫ్‌స్టీడే హెచ్చరించాడు. పాఠాల్లో ఆ హెచ్చరిక ఒక వాక్యంలో వచ్చి పోతుంది, అంకెలు మాత్రం గుర్తుండిపోతాయి.

నిజానికి మాట చెడేది చాలా చిన్నచోట. భాషాశాస్త్రవేత్త జాన్ గంపర్జ్ బ్రిటన్‌లో పరిశీలించిన ఉదంతమే చూడండి. ఒక పెద్ద విమానాశ్రయంలోని ఉద్యోగుల క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారత, పాకిస్తాన్ మహిళలు దురుసుగా ఉంటారని ఫిర్యాదులు వచ్చాయి. వాళ్లు మాట్లాడేదే తక్కువ. మాంసం తీసుకున్నవాళ్లను గ్రేవీ కావాలా అని అడగడానికి వీళ్లూ, స్థానిక సిబ్బందీ అనేది ఒకే మాట: ‘గ్రేవీ’. స్థానికులు స్వరం పైకి లేపి అనేవారు, అది ప్రశ్నగా వినిపించేది. ఈ మహిళలు స్వరం దించి అనేవారు. వాళ్ల వరకు అది మామూలుగా అడిగే తీరే. వినేవాళ్లకు మాత్రం ‘ఇది గ్రేవీ, తీసుకుంటే తీసుకో’ అన్నట్టు తోచింది. రికార్డింగులు వినిపించి అందరితో చర్చించాక గానీ తేడా ఎక్కడుందో తెలియలేదు. అప్పటిదాకా తమపై వివక్ష చూపుతున్నారని ఆ మహిళలు అనుకున్నారు, అవతలివాళ్లేమో వీళ్లకు మర్యాద తెలియదనుకున్నారు. స్వరం సంగతి ఎవరి ఊహకూ అందలేదు.

క్లాసులో ఇలాంటి అపార్థం మౌనం వల్ల వస్తుంది. పది భాషల మీద జరిపి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు ఉంటుందని తేలింది. ఒక్కో భాష లెక్క ఆ సగటుకు అటూ ఇటూ పావు సెకను లోపే ఉంది. అంత చిన్న ఖాళీకి అలవాటు పడిన చెవికి ఎదుటివాళ్లు రెండు సెకన్లు ఆగితే చెప్పడానికేమీ లేదేమో అనిపిస్తుంది. రెండో భాషలో మాట్లాడేవాళ్లకు వాక్యం కూర్చుకోవడానికే ఆ సమయం సరిపోతుంది. ఈలోపు ఇంకొకరు అందుకుంటారు. మూడు నాలుగు మీటింగులు ఇలా గడిచాయంటే ఆ విద్యార్థికి ‘ఆసక్తి లేదు’ అనే ముద్ర పడిపోతుంది.

ఓపిక గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఇది మారదు, మీటింగ్ నడిపే పద్ధతి మారాలి. చర్చించాల్సిన ప్రశ్నల్ని ఒక రోజు ముందే అందరికీ పంపాలి. కూర్చోగానే రెండు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఒక్కొక్కరికి ఒక నిమిషం చొప్పున ఒక చుట్టు తిరగాలి, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. అసలు చర్చ ఆ తర్వాతే. ప్రశ్న వేసినవాళ్లు మనసులో ఐదు లెక్కపెట్టేదాకా నోరు విప్పకూడదు. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు: మాట్లాడని మనిషి వైపు తిరిగి హఠాత్తుగా ‘నువ్వేమంటావు?’ అని అడుగుతారు. ఉద్దేశం మంచిదే. కానీ అందరి కళ్లూ ఒక్కసారిగా మీద పడితే అది మౌఖిక పరీక్షే అవుతుంది.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్న సంగతీ అంతే. దానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ‘అర్థమైంది’ అనే. దాని బదులు ‘ముందు ఏ భాగం మొదలుపెడతావు? శుక్రవారానికి ఏం పంపుతావు?’ అని అడిగితే తేడా ఏమైనా ఉంటే అక్కడికక్కడే బయటపడుతుంది. అర్థం కాలేదని తెలిశాక అదే వాక్యాన్ని గొంతు పెంచి మళ్లీ చెప్పడం మరో అలవాటు. వినపడక కాదుగా అర్థం కానిది! పొడవాటి వాక్యాన్ని రెండుగా విరవాలి, నుడికారాలు, క్లాసులో తిరిగే జోకులు తీసేయాలి, తేదీలూ అంకెలూ రాసి చూపించాలి. ఇదంతా ఆ భాష ధారాళంగా వచ్చినవాళ్లు నేర్చుకోవాల్సిన పని. విశ్వవిద్యాలయాలేమో శిక్షణంతా కొత్తగా వచ్చినవాళ్లకే పెడతాయి. సర్దుకోవాల్సింది ఎప్పుడూ వాళ్లేనన్నట్టు!

ఎవరి ప్రవర్తనైనా ఇబ్బంది పెట్టినప్పుడు వాడే పాత అభ్యాసం ఒకటుంది. పేజీని మూడు నిలువు గడులుగా గీయాలి. మొదటి గడిలో చూసింది, విన్నది మాత్రమే రాయాలి. రెండో దాంట్లో దానికి ఉండగల కారణాలు, మూడో దాంట్లో దాని మీద మన అభిప్రాయం. వినడానికి తేలికే, కానీ మొదటి గడిలోనే బోల్తా పడతారు. ‘చిరాకు పడింది’ అనేది కంటికి కనిపించింది కాదు. ‘రెండుసార్లు ఫోన్ చూసింది, నేను మాట్లాడుతుంటే తల తిప్పుకుంది’ అనేదే కనిపించింది. రెండో గడిలో కనీసం మూడు కారణాలు ఉండాలి, వాటిలో ఒక్కటైనా సంస్కృతితో సంబంధం లేనిదై ఉండాలి: నిద్ర చాలలేదు, పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వేళవుతోంది, ఇంటి నుంచి ఏదో కబురు వచ్చింది. ఈ షరతు లేకపోతే ఆలస్యం నుంచి అలక దాకా అన్నిటినీ ‘వాళ్ల సంస్కృతే అంత’ అని తేల్చేసే రోగం పట్టుకుంటుంది. చివరగా, రాసుకున్న కారణాల్లో ఏది నిజమో ఆ మనిషినే విడిగా అడగాలి. చాలామంది రాసి ఊరుకుంటారు.

పక్కపక్కన కూర్చోబెడితే చాలు, అన్నీ అవే కుదురుకుంటాయన్న నమ్మకం ఇంకా బలంగానే ఉంది. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ లేని సహకారం, పైవాళ్ల మద్దతు. ఐదు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసి 2006లో వెలువరించిన విశ్లేషణ, పరిచయం దురభిప్రాయాలను సాధారణంగా తగ్గిస్తుందని, ఈ షరతులుంటే ఇంకా ఎక్కువగా తగ్గిస్తుందని తేల్చింది. గ్రూప్ ప్రాజెక్టులో మొదట జారిపోయేది సమాన హోదానే. భాష బాగా వచ్చినవాళ్లు నివేదిక రాసి, వేదికెక్కి మాట్లాడతారు. మిగతావాళ్లకు స్లైడ్లు అతికించే పని. రెండు వారాలకోసారి పనులు మార్చాలని మొదటి రోజే రాసుకోవడం ఒక్కటే దారి. దాంతోపాటు ఏ మెసేజ్‌కు ఎన్ని గంటల్లో జవాబివ్వాలి, గడువు తేదీ అంటే పని పూర్తయ్యే రోజా లేక చిత్తుప్రతి చూపించే రోజా అన్నవి కూడా. తర్వాత వచ్చే తగాదాల్లో సగం వీటి గురించే.

ఇక మూల్యాంకనం. ‘ఇతర సంస్కృతుల వారితో నేను సౌకర్యంగా మాట్లాడగలను’ అనే వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసుకోమనే ప్రశ్నావళి కొలిచేది ఆత్మవిశ్వాసాన్ని. నైపుణ్యం కావాలంటే, అందరి అనుమతితో ఒక మీటింగ్‌ను ఇరవై నిమిషాలు రికార్డు చేసి లెక్కపెట్టాలి: ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, ఎవరి మాట మధ్యలో తెగింది, ప్రశ్న తర్వాత ఎన్ని సెకన్లు ఆగారు, ఎవరి సూచనను మరొకరు అందుకున్నారు. సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో మరోసారి చేస్తే మార్పు కనిపిస్తుంది. మొదటి లెక్కను మాత్రం ఆ గ్రూపు చేతికే ఇచ్చి వదిలేయాలి. దానికీ మార్కులున్నాయని తెలిస్తే రికార్డర్ ముందు అందరూ మహా మర్యాదస్తులైపోతారు.